సముద్రం కింద 20 నిమిషాలు: లిఫ్ట్ అంటేనే భయపడే నేను ఆ రైలెలా ఎక్కానంటే...

అరకు రైల్లో టన్నెల్ రాగానే బోగీ మొత్తం కేకలే. పిల్లలు, కాలేజీ బ్యాచ్‌లు, చివరికి అంకుల్స్ కూడా గొంతు కలిపేస్తారు. ఆ గోలలో కిటికీ ఊచ గట్టిగా పట్టుకుని, వెలుతురు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకుంటూ కూర్చునేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. నాది ఆ బ్యాచ్. మీదీ అదే అయితే ఇది మీకోసమే.

లిఫ్ట్ తలుపులు మూసుకుంటే గుండె దడ, ఎంఆర్ఐ స్కాన్ అంటే వణుకు, కిక్కిరిసిన బస్సులో మధ్యలో ఇరుక్కుంటే ఊపిరాడనట్టు ఉండటం... దీన్నే క్లాస్ట్రోఫోబియా అంటారు. నాకిది ఇంజినీరింగ్ సెకండియర్‌లో మొదలైంది. కరెంట్ పోయి హాస్టల్ లిఫ్ట్‌లో ఐదుగురం అరగంట ఇరుక్కున్నాం. అప్పట్నుంచి ఆరో ఫ్లోర్ అయినా మెట్లే. ఎవరైనా అడిగితే ఫిట్‌నెస్ అనేదాన్ని.

రెండేళ్ల క్రితం ప్రాజెక్ట్ మీద లండన్ వచ్చాను. అక్కా బావా ఉండేది పారిస్‌లో. అక్కకి ఐదో నెల అని తెలిసిన రోజే అమ్మ ఫోన్ చేసి, ‘బారసాలకి నువ్వు ఉండాల్సిందే, పిన్నివి కదా’ అంది. మధ్యలో ఉన్నది ఇంగ్లిష్ ఛానల్. దాని కింద నుంచి వెళ్లే యూరోస్టార్ ఎక్కితే రెండుంబావు గంటల్లో పారిస్. ఫ్లైట్‌లో వెళ్లొచ్చుగా అంటారా? ఫ్లైట్ డోర్ మూసినా నాకదే దడ. హైదరాబాద్ నుంచి లండన్ ఎలా వచ్చానో నాకే తెలుసు. ఎటు తిరిగినా ఒక తలుపు మూసుకోవాల్సిందే కాబట్టి, భయం సంగతే చూద్దాం అనుకున్నా. చేతిలో నాలుగు నెలల టైమ్ ఉంది.

భయం అడిగేవి రెండు ప్రశ్నలు

మొదట ఒక థెరపిస్ట్‌ని కలిశాను. ఆవిడ చెప్పిన ఒక్క మాట నాకు చాలా పనికొచ్చింది. క్లాస్ట్రోఫోబియాలో రెండు భయాలు కలిసి ఉంటాయట. ఒకటి, ‘గాలి అందదేమో’. రెండోది, ‘బయటికి రాలేనేమో’. కొందరికి మొదటిది ఎక్కువ, కొందరికి రెండోది. మనది ఏదో తెలిస్తే మందు వెతకడం తేలిక.

నాకు రెండూ ఉన్నాయి. మొదటిదానికి జవాబు ఇంజినీర్ల దగ్గర దొరికింది.

ఛానల్ టన్నెల్ అనగానే నా ఊహలో వచ్చిన బొమ్మ... చుట్టూ నీళ్లు, మధ్యలో ఒక పైపు, అందులో రైలు. అసలు సంగతి వేరు. ఆ టన్నెల్ నీళ్లలో లేదు. సముద్రం అడుగున ఉన్న నేలలో, సుద్దరాయి పొరని తొలిచి కట్టారు. సముద్రపు అడుగు నుంచి సగటున 40 మీటర్ల కింద ఉంటుంది. మొత్తం పొడవు 50 కిలోమీటర్ల పైనే, అందులో సముద్రం కింద భాగం దాదాపు 38 కిలోమీటర్లు. 1994 మేలో మొదలైంది. అంటే నాకంటే సీనియర్!

ఇంకో విషయం, అక్కడున్నది ఒక్క సొరంగం కాదు, మూడు. వెళ్లే రైళ్లకొకటి, వచ్చే రైళ్లకొకటి, మధ్యలో చిన్నగా సర్వీస్ టన్నెల్. రైలు టన్నెళ్ల నుంచి మధ్య టన్నెల్‌లోకి ప్రతి 375 మీటర్లకీ ఒక దారి ఉంటుంది. సర్వీస్ టన్నెల్‌లోకి పైనుంచి గాలి పంపి, అక్కడి గాలి ఒత్తిడిని రైలు టన్నెళ్లలో కంటే ఎక్కువగా ఉంచుతారు. అందుకే పక్కన పొగ వచ్చినా అది ఇందులోకి రాదు. మన భాషలో చెప్పాలంటే, సిస్టమ్ ఫెయిలైతే ఏం చేయాలో ముందే ఆలోచించి కట్టిన డిజైన్. ఇది చదివాక ‘గాలి అందదేమో’ అన్న గొంతు బాగా తగ్గింది.

రెండోదానికి నంబర్లు పనిచేయవు

కానీ రెండో ప్రశ్న అలాగే ఉండిపోయింది. ఎందుకంటే అది నిజం. సముద్రం కింద ఉన్న ఆ 20 నిమిషాలు నాకు దిగాలనిపించినా దిగలేను. ఎన్ని వీడియోలు చూసినా, ఎంత డేటా చదివినా ఈ మాట మారదు. రాత్రి రెండింటి దాకా ‘యూరోస్టార్ సేఫేనా’ అని వెతుకుతూ కూర్చుంటే భయం తగ్గకపోగా ఇంకా పెరిగింది.

థెరపిస్ట్ చెప్పింది ఇదే. ‘దిగలేను’ అన్నదాన్ని మార్చలేం. దిగలేకపోయినా ఏమీ కాదని శరీరానికి అలవాటు చేయాలి. భయపడే చోటు నుంచి పారిపోయిన ప్రతిసారీ మెదడు ‘తప్పించుకున్నా కాబట్టే బతికా’ అని రాసుకుంటుందట. అక్కడే ఉండిపోతే, కాసేపటికి దడ దానంతటదే తగ్గడం అది చూస్తుంది. అందుకే మెట్లు మెట్లుగా ప్రాక్టీస్.

నా మెట్లు ఇవి. మొదటి వారాలు ఆఫీస్ లిఫ్ట్‌లో ఒక ఫ్లోర్, తర్వాత రెండు, తర్వాత ఎనిమిది. ఆ తర్వాత లండన్ మెట్రో. జూబ్లీ లైన్‌లో వెస్ట్‌మినిస్టర్ నుంచి వాటర్లూకి ఒక్క స్టాప్. పైన థేమ్స్ నది ఉంటుంది. మొదటిసారి దిగాక ప్లాట్‌ఫాం బెంచీ మీద పావుగంట కూలబడ్డా. ఐదోసారి దిగాక కాఫీ తాగా. తర్వాత విక్టోరియా లైన్, ఆ చివర నుంచి ఈ చివరకి. స్టేషన్లన్నీ భూమి కిందే. చివరి మెట్టు, రద్దీ టైమ్‌లో అదే ప్రయాణం, ఫోన్ బ్యాగులోనే ఉంచి.

ప్రతి మెట్టులో రూల్ ఒకటే. భయం సగానికి తగ్గేదాకా అక్కడే ఉండాలి. కొన్ని రోజులు వెనక్కి కూడా వెళ్లా. ఒకసారి రైలు టన్నెల్‌లో నాలుగు నిమిషాలు ఆగిపోయింది, ఏడుపొచ్చేసింది. వీడియో కాల్‌లో అమ్మ నా మొహం చూసి, ‘అంత కష్టమైతే వద్దులే తల్లీ, వీడియోలో చూద్దువు గానీ’ అంది. ఆ మాటకి ఊరట కలిగింది, అంతకంటే ఎక్కువ బాధేసింది. మర్నాడు మళ్లీ అదే లైన్ ఎక్కా.

ఆ రోజు

సెయింట్ పాంక్రాస్ స్టేషన్‌లో చెకింగ్ అయ్యాక వెయిటింగ్ హాల్‌లో కూర్చున్నా. చేతులు చల్లబడ్డాయి. అంటే నాలుగు నెలల ప్రాక్టీస్ తర్వాత కూడా భయం వచ్చింది. రాదని ఎవరూ మాటివ్వలేదు కూడా.

రైలు కదిలిన కాసేపటికే చీకటి. ఇది సముద్రం కాదు, లండన్ ఊరి కింద టన్నెల్. తర్వాత థేమ్స్ కింద ఇంకోటి. ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు. దాదాపు అరగంటకి అసలుది వచ్చింది. చెవులు కాస్త దిబ్బడ వేశాయి. గుండె పరుగెత్తింది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలా. ‘వచ్చావా, సరే కూర్చో’ అని భయానికి చెప్పా. ఎదుటి సీట్లో ఒక పెద్దావిడ అల్లిక పని చేసుకుంటోంది. ఆ సూది ఎన్నిసార్లు తిరుగుతోందో చూస్తూ ఉన్నా. మధ్యలో ఎప్పుడో దడ తగ్గింది, సరిగ్గా ఎప్పుడో గుర్తులేదు. కాసేపటికి కిటికీలో ఫ్రాన్స్ పొలాలు.

సాయంత్రానికి పాప నా ఒళ్లో ఉంది. అక్క ఏమీ అనలేదు, నా చెయ్యి మాత్రం పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మీరు ట్రై చేయాలంటే

* మీ భయం ఏ ప్రశ్న అడుగుతోందో ముందు రాసుకోండి. గాలి గురించా, బయటికి రావడం గురించా?

* రూట్ గురించి ఒక్కసారి పూర్తిగా చదవండి. ఎంతసేపు, ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుతురు. ఆ తర్వాత వెతకడం ఆపేయండి.

* భయంలో గబగబా ఊపిరి తీస్తే ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. గాలి అందట్లేదనిపించేది అందుకే. పీల్చడం కంటే వదలడం మీద దృష్టి పెట్టండి.

* పానిక్ అటాక్ కొద్ది నిమిషాల్లో తారస్థాయికి వెళ్లి, ఆ తర్వాత దిగుతుంది. అయితే ఛాతీ నొప్పి లాంటివి కొత్తగా వస్తే భయమే అని సరిపెట్టుకోకుండా డాక్టర్‌కి చూపించుకోండి.

* ఫ్రెండ్ ఇచ్చిన టాబ్లెట్ వేసుకోవద్దు. మందు కావాలో వద్దో డాక్టరే చెప్పాలి.

* రోజువారీ పనులకి అడ్డొస్తుంటే సాయం అడగండి. మన దేశంలో టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ కాల్, తెలుగులోనూ మాట్లాడొచ్చు.

ఇవన్నీ ఫారిన్ కబుర్లు అనుకోకండి. కోల్‌కతాలో 2024 మార్చి నుంచి మెట్రో హుగ్లీ నది కింద నుంచి వెళ్తోంది, 520 మీటర్లు దాటడానికి 45 సెకన్లే. ముంబై-అహ్మదాబాద్ బుల్లెట్ ట్రైన్ కోసం కడుతున్న టన్నెల్‌లో 7 కిలోమీటర్లు సముద్రపు పాయ కింద ఉంటుంది. ఇలాంటి రైళ్లు మనకీ పెరుగుతాయి. ప్రాక్టీస్‌కి మాత్రం అంత దూరం వెళ్లక్కర్లేదు, మీ ఆఫీస్ లిఫ్ట్ చాలు. రేపు ఒక్క ఫ్లోర్ ఎక్కి చూడండి.