అమెరికా సోషల్ సెక్యూరిటీ: జీతంలో కట్ అయ్యే ఆ డబ్బు ఎవరిది? లిబర్టేరియన్ల అభ్యంతరం ఏంటి? హెచ్1బీ తెలుగువాళ్లకు లింకేంటి?

అమెరికాలో ఉద్యోగం చేసేవాళ్ల పే స్లిప్ చూస్తే దాదాపు అందరికీ ఒక కటింగ్ కామన్‌గా కనిపిస్తుంది. అదే సోషల్ సెక్యూరిటీ. జీతంలో 6.2 శాతం పోతుంది. వద్దంటే కుదరదు. రిటైరయ్యాక పెన్షన్ రూపంలో వస్తుందని ప్రభుత్వం చెబుతుంది. కానీ అది కట్టినవాళ్ల సొంత డబ్బేనా? కానే కాదంటున్నారు లిబర్టేరియన్లు. ప్రభుత్వ జోక్యం వీలైనంత తగ్గాలి, ఎవరి సంపాదన మీద వాళ్లకే హక్కు ఉండాలి అనేది వీళ్ల సిద్ధాంతం. ఈ వాదనలో నిజమెంత? పూర్తి వివరాలు చూద్దాం.

అసలు ఈ స్కీమ్ ఎలా నడుస్తుంది?

1935 ఆగస్టు 14న అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఈ చట్టంపై సంతకం చేశారు. 1937లో వసూళ్లు మొదలయ్యాయి. అప్పట్లో ఉద్యోగి 1 శాతం, కంపెనీ 1 శాతం కట్టేవాళ్లు. ఇప్పుడది చెరో 6.2 శాతం, అంటే మొత్తం 12.4 శాతానికి చేరింది. సొంతంగా పని చేసుకునేవాళ్లైతే మొత్తం వాళ్లే కట్టాలి.

చాలామంది ఈ డబ్బు తమ పేరు మీద ఖాతాలో జమ అవుతుందనుకుంటారు. మన పీఎఫ్ లాగా అన్నమాట. కానీ అలాంటి ఖాతా ఏదీ లేదు. ఈ నెల ఉద్యోగులు కట్టిన డబ్బే ఈ నెల పెన్షనర్లకు వెళ్తుంది. రేపు వీళ్లు రిటైరైతే, అప్పటి ఉద్యోగులు కట్టాలి. గొడవంతా ఇక్కడే మొదలైంది.

'గొలుసుకట్టు' అని ఎందుకంటున్నారు?

తొలి నెలవారీ పెన్షన్ అందుకున్నది ఐడా మే ఫుల్లర్. 1940 జనవరిలో ఆమెకు 22.54 డాలర్ల చెక్ వచ్చింది. మూడేళ్లలో ఆమె కట్టింది 24.75 డాలర్లు. 100 ఏళ్లు బతికిన ఆమెకు మొత్తం అందింది 22,888 డాలర్లకు పైనే. ముందుగా చేరినవాళ్లకు భారీ లాభం, చివర్లో చేరినవాళ్ల మీద భారం అనడానికి లిబర్టేరియన్లు తరచూ చూపించే లెక్క ఇదే. ఇటీవల ఎలాన్ మస్క్ కూడా దీన్ని పోంజీ స్కీమ్‌తో పోల్చి దుమారం రేపారు.

నిజానికి ఈ పోలిక కొత్తదేం కాదు. ప్రముఖ ఆర్థికవేత్త పాల్ శామ్యూల్సన్ 1967లోనే తెచ్చారు. కాకపోతే ఆయన స్కీమ్‌ను సమర్థిస్తూ ఆ మాట అన్నారు. జనాభా, జీతాలు పెరుగుతున్నంత కాలం ఇది నడుస్తుందన్నది ఆయన లెక్క. ఇప్పుడా లెక్కే తప్పుతోంది. 1950లో ఒక్కో పెన్షనర్‌కు 16 మందికి పైగా ఉద్యోగులు ఉండేవారు. ఇప్పుడు ముగ్గురు కూడా లేరు. 2025 ట్రస్టీల నివేదిక ప్రకారం, చట్టం మారకపోతే రిటైర్మెంట్ నిధి 2033లో ఖాళీ అవుతుంది. ఆ తర్వాత వచ్చే పన్నులతో 77 శాతం పెన్షనే ఇవ్వగలరు. అంటే 1,000 డాలర్లు రావాల్సినవాళ్లకు 770 డాలర్లే.

కట్టినంత మాత్రాన హక్కు రాదు

లిబర్టేరియన్ల చేతిలో ఉన్న అతి పెద్ద అస్త్రం 1960 నాటి సుప్రీంకోర్టు తీర్పు. ఎఫ్రామ్ నెస్టర్ బల్గేరియా నుంచి 1913లో అమెరికా వచ్చారు. 19 ఏళ్లు సోషల్ సెక్యూరిటీ కట్టారు. 1955లో నెలకు 55.60 డాలర్ల పెన్షన్ మొదలైంది. అయితే 1930ల్లో కమ్యూనిస్టు పార్టీలో ఉన్నారన్న కారణంతో 1956లో ఆయన్ను దేశం నుంచి పంపేశారు. పెన్షన్ కూడా ఆపేశారు. కేసు సుప్రీంకోర్టుకు వెళ్తే 5-4 తేడాతో ఆయన ఓడిపోయారు. ఈ పెన్షన్ మీద ఆస్తి హక్కు లాంటిదేమీ లేదని, నిబంధనలు మార్చే అధికారం కాంగ్రెస్‌కు ఉందని కోర్టు తేల్చింది.

ఈ స్కీమ్‌లో దాచుకున్న సొమ్ము కుటుంబానికి మిగలదు కూడా. ఒంటరి వ్యక్తి 66 ఏళ్లకు చనిపోతే, జీవితమంతా కట్టిన డబ్బు వారసులకు రాదు. అర్హత ఉన్న భార్య లేదా భర్త, పిల్లలు ఉంటేనే వాళ్లకు నెలవారీ సాయం అందుతుంది. కొందరికి ముందుచూపు లేదని అందర్నీ బలవంతం చేయడం ఏంటని మిల్టన్ ఫ్రీడ్‌మన్ 1962లోనే ప్రశ్నించారు.

హెచ్1బీ మీద వెళ్లినవాళ్ల సంగతేంటి?

మనవాళ్లకు ఇది నేరుగా తగిలే విషయం. అమెరికాలో పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు ఉండాలి. ఏడాదికి గరిష్ఠంగా 4 క్రెడిట్లే వస్తాయి. అంటే కనీసం 10 ఏళ్లు పని చేయాలి. కానీ హెచ్1బీ గడువు మామూలుగా ఆరేళ్లే. గ్రీన్ కార్డు ప్రక్రియ మొదలైనవాళ్లకే పొడిగింపు దొరుకుతుంది.

ఉదాహరణకు ఏడాదికి లక్ష డాలర్ల జీతం ఉన్న హైదరాబాద్ ఇంజినీర్‌కు ఏటా 6,200 డాలర్లు కట్ అవుతుంది. ఆరేళ్లకు 37,200 డాలర్లు. మన లెక్కలో రూ.30 లక్షలకు పైనే. కంపెనీ వాటా దీనికి అదనం. ఆరేళ్లకే తిరిగొచ్చేస్తే రీఫండ్ ఉండదు. క్రెడిట్లు మాత్రం రికార్డుల్లో ఉంటాయి. మళ్లీ వెళ్లి 40 పూర్తి చేస్తేనే పనికొస్తాయి.

జర్మనీ, జపాన్, దక్షిణ కొరియా లాంటి దేశాలవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. ఆ దేశాలకు అమెరికాతో ఒప్పందాలున్నాయి కాబట్టి రెండు దేశాల సర్వీసునూ కలిపి లెక్కిస్తారు. భారత్‌కు మాత్రం అలాంటి ఒప్పందం లేదు. మన ప్రభుత్వం ఏళ్లుగా అడుగుతూనే ఉంది.

మరి పరిష్కారం ఏంటంటున్నారు?

ఎవరి ఖాతా వాళ్లకు ఇచ్చేయాలన్నది లిబర్టేరియన్ల మాట. దీనికి చిలీని చూపిస్తారు. మిలిటరీ పాలనలో ఉన్న ఆ దేశం 1981లో పాత పద్ధతి తీసేసి, జీతంలో 10 శాతం ప్రైవేట్ పెన్షన్ ఫండ్లలోని సొంత ఖాతాలకు మళ్లించింది. సైన్యాన్ని మాత్రం పాత పద్ధతిలోనే ఉంచారు. 2005లో అధ్యక్షుడు జార్జ్ బుష్ అమెరికాలోనూ పన్నులో కొంత వాటాను సొంత ఖాతాలకు మళ్లించాలని చూశారు. కాంగ్రెస్‌లో అది ముందుకు కదల్లేదు.

అవతలి వాదన కూడా గట్టిదే

సోషల్ సెక్యూరిటీ పొదుపు పథకం కాదు, బీమా అంటారు సమర్థించేవాళ్లు. 35 ఏళ్లకే ఉద్యోగి చనిపోతే పిల్లలకు నెలనెలా డబ్బు వస్తుంది. వైకల్యం వస్తే ఆదుకుంటుంది. ధరలతో పాటు పెన్షన్ పెరుగుతుంది. 2008లో మార్కెట్లు కుప్పకూలినా పెన్షన్ ఆగలేదు.

యువత డబ్బు సొంత ఖాతాలకు మళ్లిస్తే, ఇప్పటి పెన్షనర్లకు ఎవరివ్వాలి? లిబర్టేరియన్లు గట్టి జవాబు చెప్పలేకపోతున్న ప్రశ్న ఇదే. చిలీలోనూ కథ సాఫీగా సాగలేదు. మధ్యలో పని లేనివాళ్లకు, తక్కువ జీతాలవాళ్లకు పెన్షన్ చాలా తక్కువ వచ్చింది. 2016లో లక్షల మంది రోడ్డెక్కారు. చివరికి 2022లో ప్రభుత్వమే కనీస పెన్షన్‌ను దాదాపు వృద్ధులందరికీ విస్తరించింది. 2025లో కంపెనీలు కూడా వాటా కట్టాలని చట్టం తెచ్చింది.

మన దగ్గరా ఇదే లొల్లి

2004 నుంచి కేంద్రంలో ఎన్పీఎస్, ఉమ్మడి ఏపీలో సీపీఎస్ వచ్చాయి. ఉద్యోగి పేరు మీదే ఖాతా ఉంటుంది. కానీ పెన్షన్ ఎంతొస్తుందో గ్యారంటీ లేదంటూ రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగులు పాత పెన్షన్ కోసం పోరాడుతున్నారు. ఆ ఒత్తిడితోనే కేంద్రం 2025 ఏప్రిల్ నుంచి హామీతో కూడిన యూపీఎస్ తెచ్చింది.

మొత్తానికి సొంత ఖాతా ఉంటే గ్యారంటీ ఉండదు, గ్యారంటీ ఉంటే సొంత ఖాతా ఉండదు. ఆ గ్యారంటీ కూడా ప్రభుత్వం చేతిలోనే ఉంటుందని నెస్టర్ కేసు చెబుతోంది. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు మాత్రం తిరుగు టికెట్ బుక్ చేసుకునే ముందు, సోషల్ సెక్యూరిటీ అధికారిక సైట్‌లో తమకు ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో ఒకసారి చెక్ చేసుకోవడం మంచిది. 38 దగ్గర ఆగిపోవడానికి, 40 పూర్తి చేయడానికి తేడా రెండు క్రెడిట్లే.