తాతయ్య మోకు

తాతయ్య పోయి తొమ్మిదో రోజు. పెద్దకర్మకి చుట్టాలొస్తారని ఇల్లు సర్దుతున్నాం. వసారాలో కొక్కేనికి వేలాడుతున్న కొబ్బరి మోకు మా పిన్ని కంటపడింది. ‘ఇంకెందుకీ తాడు, తీసి గేదెల పాకలో పడెయ్యరా’ అంది తమ్ముడితో. వాడు బల్ల జరుపుకుని ఎక్కాడు. అప్పటిదాకా ఎవరితోనూ మాట్లాడకుండా మూలన కూర్చున్న నాయనమ్మ ఒక్క కేక పెట్టింది.

‘దాన్ని ముట్టుకోమాకండి!’

ఆ మోకుని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నా. వేసవి సెలవులకి ఊరెళ్లినప్పుడు దాంతో వేపచెట్టుకి ఉయ్యాల కట్టబోయి తాతయ్యతో చీవాట్లు తిన్నా. ఎత్తుకుని చెరువుగట్టు మీద తిప్పినా, తాటిముంజలు వేలితో తీసి నోట్లో పెట్టినా, జేబులో చిల్లరంతా జీళ్లకే ఖర్చుపెట్టినా ఆయనే. ఎన్నడూ గట్టిగా మాట్లాడి ఎరగడు. నా మీద కోప్పడింది ఆ ఒక్కసారే!

ఏటా దీపావళి వెళ్లగానే సైకిలు తొక్కుకుంటూ అవనిగడ్డ వెళ్లి కొత్త మోకు తెచ్చేవాడు. వసారాలో చేతులు బారజాపి ఒక్కో బారా కొలిచి, చుట్ట చుట్టి, కొక్కేనికి తగిలించేవాడు. పాతది గేదెలకి పలుపుతాళ్లయ్యేది. ముసలాయన చాదస్తం అనుకునేవాళ్లం.

మాది దివిసీమ. పులిగడ్డ దగ్గర రెండుగా చీలిన కృష్ణమ్మ సముద్రంలో కలిసేలోపు ఆ పాయల మధ్య మిగిలిన నేల. వరి బాగా పండుతుంది. సముద్రమూ పక్కనే ఉంటుంది.

1977 నవంబరు 19, శనివారం. ఆ తేదీ దివిసీమలో చంటిపిల్లల్ని అడిగినా చెబుతారు. దీపావళి వెళ్లి వారం పది రోజులు. సార్వా పంట కోతకొచ్చింది. తుపాను గాలికి ఇళ్ల కప్పులు లేచిపోతుంటే, దాని వెనకే సముద్రం ఊళ్ల మీదికి వచ్చేసింది. పది వేల మందికి పైగా పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి... తీరం వెంబడి ఊళ్లకి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. శవాలు ఎవరివో గుర్తుపట్టే దారి లేక సామూహికంగా దహనం చేశారు. ఎన్టీఆర్‌, ఏయన్నార్‌ జోలెపట్టి విరాళాలు సేకరించింది ఆ ఉప్పెన బాధితుల కోసమే. ఇప్పటికీ మా వైపు ఒకే ఊళ్లో, ఎన్నో ఇళ్లలో ఒకే రోజున తద్దినాలు పెడతారు.

ఇవన్నీ నాకు తెలుసు. విలేకరిని కదా, పాత పేపర్లు తిరగేసి ఉప్పెన గురించి రాశాను కూడా. ఊరూరా తిరిగి ఎందరో పెద్దవాళ్లని కూర్చోబెట్టి ‘అప్పుడేం జరిగింది తాతా?’ అని అడిగినదాన్ని, సొంత తాతయ్యని ఒక్కసారీ అడగలేదు. ఆయన ఉన్నాడుగా, ఎప్పుడైనా అడగొచ్చులే అనుకున్నా!

నాయనమ్మ చెప్పింది...

ఆరోజు నాయనమ్మే చెప్పింది. ఏడవకుండా, నిన్న జరిగినదాన్ని చెబుతున్నట్టే చెప్పింది.

‘అప్పుడు మనది పూరిల్లు. పొద్దుటినుంచీ ఒకటే గాలి. సాయంత్రానికి కప్పెగిరిపోయింది. హోరుమని ఏదో చప్పుడు... చూద్దుంగదా నీళ్లు! మీ తాత బావిచేద తాడు అందుకుని మమ్మల్ని గట్టుమీది తాడిచెట్టు దగ్గరికి లాక్కెళ్లాడు. మీ నాన్నకి ఎనిమిదేళ్లు, బాబాయికి అయిదు. వాళ్లిద్దర్నీ, నన్నూ కలిపి చెట్టుకి కట్టేశాడు. తాడు అక్కడికే అయిపోయింది. ఆయన ఒక చేత్తో చెట్టు పట్టుకుని, రెండో చేత్తో పిల్లని పట్టుకున్నాడు...’

పిల్లా! ఏ పిల్ల?

మాకు ఒక మేనత్త ఉండేదని అప్పుడే తెలిసింది. రెండేళ్లది. పేరు తెలిసిందీ అప్పుడే. ఫొటో లేదు. నీళ్లు తీసేసరికి తాతయ్య రెండో చెయ్యి ఖాళీగా ఉందట. మూడు రోజులు బురదలో వెతికాడట. దొరకలేదు.

‘తాడు ఇంకో రెండు బారలుంటే పిల్ల దక్కేదే... అని పోయేదాకా అంటూనే ఉన్నాడమ్మా. పగలు అనేవాడు కాదు. రాత్రిళ్లు లేచి కూర్చుని అనేవాడు.’

పక్కనే ఉన్న నాన్న మాట్లాడలేదు. ఆయనకి అన్నీ తెలుసు. ఎనిమిదేళ్లవాడికి గుర్తుండకేం! మరి మాకెందుకు చెప్పలేదంటే, ‘మీ తాతయ్య ఎత్తని మాట నేనెలా ఎత్తను?’ అన్నాడు.

ఆయన్ను చూసి నవ్వాం

అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఏటా నవంబరు 19న తాతయ్య ఒక్కడే సైకిలు మీద హంసలదీవి వెళ్లేవాడు. గుడికనుకునేవాళ్లం. పొద్దుపోయాక మాకోసం మరమరాల ఉండలు పట్టుకుని వచ్చేవాడు. తను మాత్రం ఆరోజు ఏమీ తినేవాడు కాదు. కార్తీకమాసం ఉపవాసమని సరిపెట్టుకున్నాం.

1990 మేలో మళ్లీ పెద్ద తుపాను వచ్చి, కృష్ణా ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందే జనాన్ని పెద్దయెత్తున తరలించారు. 1977తో పోలిస్తే ప్రాణనష్టం చాలా తక్కువ. అప్పుడు మా ఊళ్లో అందరికన్నా ముందు ఇంటికి తాళం పెట్టింది తాతయ్యేనట. మోకుని భుజానేసుకుని ట్రాక్టరెక్కాడని ఊళ్లోవాళ్లు చాన్నాళ్లు చెప్పుకున్నారు.

2004 డిసెంబరు 26. ఆదివారం. సెలవులకి ఊళ్లోనే ఉన్నాం. టీవీలో సునామీ దృశ్యాలు. తాతయ్య లేచి టీవీ కట్టేశాడు. ఆ రాత్రి కొక్కెం మీది మోకు తెచ్చి మంచం కింద పెట్టుకుని పడుకున్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు. ‘తాతయ్య తాడుతో సముద్రాన్ని కట్టేస్తాడంట!’ అని పక్కింటి పిల్లలకీ చెప్పి నవ్వించా. ఆయన విన్నాడు. ఏమీ అనలేదు. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు నేను.

పెళ్లయిన కొత్తలో మావారిని ఊరు తీసుకెళ్తే తాతయ్య అడిగిన మొదటి ప్రశ్న ‘ఈతొచ్చా బాబూ?’ అని. హైదరాబాదులో పుట్టి పెరిగిన మనిషి, ‘రాదు తాతగారూ’ అన్నారు మొహమాటంగా. ఆ ప్రశ్న తల్చుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో! ఆ ఏడు మోకు రెండు బారలు పెరిగిందట. ఇంట్లో ఎవరు పుట్టినా, కోడలొచ్చినా, అల్లుడొచ్చినా మనిషికి రెండు బారల చొప్పున పెంచుకుంటూ వచ్చాడని నాయనమ్మ చెప్పింది. నేను పుట్టినప్పుడు, తమ్ముడు పుట్టినప్పుడు, మా పాప పుట్టినప్పుడు... నాన్న, బాబాయి కలిసి మోకు దించి కొలిచారు. ఇరవైనాలుగు బారలు. ఇంట్లో పన్నెండు మందిమి, తాతయ్యతో కలిపి.

ఆ రాత్రే నాయనమ్మ పక్కన పడుకుని నోటుపుస్తకం తెరిచా. ఆవిడ చెప్పినంతా రాసుకున్నా. తాతయ్యని అడగాల్సినవాటిలో కొన్నిటికి ఆవిడ దగ్గరా జవాబుల్లేవు. ఆ రాత్రి ఆ తాడిచెట్టునే ఎందుకు ఎంచుకున్నాడు? హంసలదీవిలో సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని ఏం చేసేవాడు? తెలీదంది.

ఈసారి దీపావళి వెళ్లగానే నాన్న అవనిగడ్డ వెళ్లాడు. కొట్టతను నైలాను తాడు గట్టిగా ఉంటుందని చూపించినా వద్దని, కొబ్బరి మోకే తెచ్చాడు. వసారాలో నిలబడి అచ్చం తాతయ్యలాగే బారజాపి కొలిచాడు. ఇరవైనాలుగు. లెక్క ప్రకారం ఇప్పుడు ఇరవైరెండు చాలాలి.

తాతయ్యని అడగలేకపోయాను కదా, నాన్ననైనా అడిగా... ఆ రెండు బారలూ ఎవరికని.

‘మా చెల్లికి’ అని, మోకుని కొక్కేనికి తగిలించాడు.