మద్యము, గృహహింస: కాపరి చేయదగినది

1992లో మన జిల్లాలోని దూబగుంట స్త్రీలు సారాను ఎదిరించిరి; వారి గోడు కూలిడబ్బుల గురించియే కాదు, దెబ్బల గురించియు. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో ఎత్తివేయబడినది. ఇందుకూరుపేట వంటి తీరమండలములలో సేవచేయు మనము, తాగుడు మానినచో కొట్టుటయు మానునని తలంచుట పరిపాటి. ఇది సరికాదు. తాగనివారును కొట్టుదురు.

కావున భార్యతో విడిగా, భర్త లేనప్పుడు మాటలాడవలెను. ఇద్దరిని ఎదురెదుట కూర్చుండబెట్టి రాజీ చేసినచో, ఆమె చెప్పిన ప్రతిమాటకు ఇంటివద్ద శిక్ష పడవచ్చును. ఏండ్ల తరబడి తాగినవాడు ఉపవాసకూటములో ఒక్కసారిగా మానినచో మూర్ఛ రావచ్చును (మనము దీనిని తరచు దయ్యమందుము!), వైద్యుని యొద్దకు పంపవలెను. అతడు చికిత్సలో నుండగా ఆమెను మరువరాదు: 2005 గృహహింస చట్టము క్రింద రక్షణాధికారి కలరు, 181కు ఫోను చేయవచ్చును.