తొట్టి అడుగున క్రేఫిష్

రొయ్య తోకను, పీత డెక్కలను ఒక్క శరీరమున ధరించిన మంచినీటి జీవి యొకటి కలదు. దానిని ఆంగ్లేయులు క్రేఫిష్ అందురు. మన కృష్ణా గోదావరులలో గాని, కొల్లేటిలో గాని అది లేదు. భారతదేశపు నదులలో ఎచ్చటను దాని పుట్టుక లేదు. అందుచేతనే మన భాషలో దానికి నిలుకడయైన పేరు ఏర్పడలేదు. ఆస్ట్రేలియాలో మాత్రము దానిని ఎఱుగని బాలుడుండడు. దారమునకు మాంసపు ముక్క కట్టి చెరువులో విడిచి, దానిని పట్టుకొన్న క్రేఫిష్‌ను మెల్లగా ఒడ్డునకు లాగుట అచ్చటి పల్లెలలో పిల్లల వేడుక.

ఆ దేశమున ఇటీవలి దశాబ్దములలో పెరటిలోనే చేపలను, కూరమొక్కలను ఒకే నీటితో పెంచు పద్ధతి ప్రచారములోనికి వచ్చినది. కొందరు గృహస్థులు ఆ నీటిలో మూడవ భాగస్వామిగా క్రేఫిష్‌ను చేర్చుకొనిరి. ఇది ఎట్లు సాగును? ఇందలి లాభమెంత? మన యింటికి ఇది తగునా? ఈ మూడు ప్రశ్నలను మనము వరుసగా పరిశీలింతము.

చేపయు, మొక్కయు కలిసి బ్రతుకు ఈ యేర్పాటునకు ఆక్వాపోనిక్స్ అని పేరు. అమెరికాలో 1969లో నెలకొన్న న్యూ ఆల్కెమీ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు ఇట్టి ప్రయత్నములకు దారి తీసినవి. 1980 దశకమునుండి వర్జిన్ దీవుల విశ్వవిద్యాలయమున జేమ్స్ రకోసీయు, ఆయన సహచరులును దీనికి శాస్త్రీయమైన లెక్కలు కట్టిరి. మూలసూత్రము సులభమైనది. చేప తిన్న మేతలోని మాంసకృత్తుల శేషము అమోనియాగా మారి, మొప్పల ద్వారా నీటిలో కలియును. అమోనియా చేపకు విషము. కంకర రాళ్లను అంటియుండు ఒక తెగ సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చును. నైట్రైటు కూడ విషమే. వేఱొక తెగ దానిని నైట్రేటుగా మార్చును. చేపకు నైట్రేటువలన అంతటి భయము లేదు; మొక్కకు మాత్రము అది అన్నము. మొక్క దానిని గ్రహించి నీటిని తేర్చి చేపకు తిరిగి యిచ్చును. ఒకరి ఎంగిలి మఱియొకరికి విందగుట ఇందు గల రహస్యము.

ఆస్ట్రేలియా గృహస్థుడు దీనికై పెద్ద వ్యయము చేయడు. ఆహారద్రవములను రవాణా చేయు వెయ్యి లీటర్ల చదరపు ప్లాస్టిక్ పెట్టెను అడ్డముగా కోయించును. పెద్దముక్క చేపల తొట్టి యగును. చిన్నముక్కను బోర్లించి, అడుగు లోతున కంకర నింపిన అది మొక్కల మడి యగును. పంపు నీటిని మడికి ఎక్కించును. మడి నిండగనే ఒక సైఫన్ గొట్టము ఆ నీటిని ఒక్కపెట్టున క్రిందికి దింపును. నీరు దిగునపుడు వేళ్లకు గాలి అందును. సూక్ష్మజీవులు చాలినంతగా స్థిరపడుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. ఆలోపల తొందరపడి చేపలను నింపినవారు చచ్చిన చేపలను ఏరుకొనవలసి వచ్చును. మేతకును ఒక కొలత కలదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2014లో ప్రకటించిన గ్రంథము ప్రకారము, ఆకుకూరల మడి ఒక్క చదరపు మీటరునకు దినమునకు 40 మొదలు 50 గ్రాముల మేత సరిపోవును. కాయలు కాచు మొక్కలకు 50 మొదలు 80 గ్రాములు కావలెను.

ఇక క్రేఫిష్ మాట. పెరటి తొట్లలో పెంచువాటిలో ముఖ్యమైన జాతులు రెండు. మొదటిది యాబీ. ఇది ఆగ్నేయ ఆస్ట్రేలియాది. చలికి ఓర్చును గాని బొరియలు త్రవ్వి చెరువుగట్లను పాడుచేయును. దాని శాస్త్రీయ నామములోనే ‘నాశకారి’ యను విశేషణము చేరియున్నది. రెండవది రెడ్‌క్లా. క్వీన్స్‌లాండ్ ఉత్తరభాగము, ఉత్తర ప్రాంతము, న్యూగినీ దక్షిణభాగము దీని పుట్టినిండ్లు. ఎదిగిన మగదాని డెక్కల వెలుపలి అంచున ఎఱ్ఱని మెత్తని మచ్చ యుండుటచే ఈ పేరు వచ్చినది. ఇది వెచ్చని నీటి జీవి. 23 మొదలు 31 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల వేడిమి దీనికి హితము. నీరు 10 డిగ్రీలకు దిగిన ప్రాణాపాయము. తక్కిన జాతులతో పోల్చిన కలహప్రియత్వము తక్కువ. కావున తొట్టిలో పెంచువారు దీనినే మెచ్చుకొందురు.

చేపలతో కలిపి ఒకే తొట్టిలో దీనిని విడువవచ్చునా? ఇచ్చట అనేకులు మోసపోవుదురు. క్రేఫిష్ కవచము పెరుగదు. శరీరము పెరుగవలెనన్న పాత కవచమును కుబుసమువలె విడిచి, నీటిని పీల్చుకొని ఉబ్బి, క్రొత్త కవచమును గట్టిపఱచుకొనవలెను. ఆ మధ్యకాలమున అది వెన్నముద్దవలె మెత్తగా నుండును. చేప దానిని ఒక్క గ్రుక్కలో మ్రింగును. అచ్చట ఎక్కువగా పెంచు బారముండి యనగా మన కోస్తావారు ప్రీతితో భుజించు పండుగప్పయే. దాని తొట్టిలో క్రేఫిష్‌ను విడుచుట పిల్లి ముందఱ చేపముక్క పెట్టుటయే. చేప లేకున్నను భయము తీఱదు. తోటి క్రేఫిష్‌లే మెత్తబడినదానిని తినివేయును.

కావున అనుభవజ్ఞులు రెండు ఏర్పాట్లు చేయుదురు. మొదటిది, చేపలకు వేఱుగా అన్నిటికంటె దిగువన నుండు నీటితొట్టిని క్రేఫిష్‌కు కేటాయించుట. నీరు రెంటికిని ఒక్కటే. కాపురములు మాత్రము వేఱు. రెండవది, అడుగున దాగుచోట్లను సమృద్ధిగా ఉంచుట. ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు, పెంకులు, ఉల్లిపాయల వలసంచుల చుట్టలు చాలును. క్రేఫిష్ నేలమీద నడచు జీవి. తొట్టి ఎంత లోతుగా నున్నదని గాక, అడుగు ఎంత విశాలముగా నున్నదని చూడవలెను. పంపు నోటికి సన్నని వల కట్టనిచో పిల్లలు అందు చిక్కుకొనును. తొట్టికి మూత యుండవలెను. గాలిగొట్టమును పట్టుకొని ఎగబ్రాకి రాత్రివేళ పలాయనము చేయుట వీనికి వెన్నతో పెట్టిన విద్య. నీటిపై తేలు పలకలలో మొక్కలను పెంచువారు క్రేఫిష్‌ను ఆ వేళ్లకు దూరముగా నుంచవలెను. లేకున్న మన పంటను అదియే ముందుగా కోసికొనును.

ఆహారమునకు ఇది పేచీ పెట్టదు. చేపలు విడిచిన మేత, క్రుళ్లిన ఆకులు, అడుగున పేరుకొన్న నాచు అన్నియు తినును. నీటి విషయమున మాత్రము శ్రద్ధ కావలెను. కుబుసము విడుచుటకు ముందు క్రేఫిష్ తన కవచములోని సున్నమును కొంత వెనుకకు తీసికొని, కడుపు గోడలలో రెండు తెల్లని బిళ్లలుగా దాచుకొనును. క్రొత్త కవచము గట్టిపడుటకు అది తొలి పెట్టుబడి. మిగిలిన సున్నము నీటినుండియు, తాను విడిచిన కుబుసమును తినుటవలనను రావలెను. కాని అమోనియా నైట్రేటుగా మారుకొలది నీరు క్రమముగా ఆమ్లగుణమును పొందును. ఆమ్లత హెచ్చిన కవచము పలుచబడును. ఆలిచిప్పలను గాని, సున్నపురాతి ముక్కలను గాని సంచిలో కట్టి తొట్టిలో వ్రేలాడదీసిన ఈ లోపము తగ్గును. పి.హెచ్. 7 సమీపమున నిలిపిన మొక్కకును, చేపకును, క్రేఫిష్‌కును రాజీ కుదురును.

రెండు విషములను ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. ఒకటి రాగి. క్రేఫిష్ రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థము రాగితో కూడినదే యైనను, నీటిలో కరగిన రాగి దానికి మృత్యువు. కావున రాగి గొట్టములును, మైలుతుత్తము కలిపిన మందులును పనికిరావు. రెండవది పురుగుమందు. క్రేఫిష్ కీటకములకు దూరపు చుట్టము. మొక్కపై పురుగును చంపుటకు చల్లిన మందు నీటిలో దిగి తొట్టి అడుగునను అదే పని చేయును.

సంతానోత్పత్తి ఇందలి ముచ్చటయైన ఘట్టము. ఆడ మగలను గుర్తించుటకు జంతువును వెల్లకిల త్రిప్పి చూడవలెను. డెక్కలను మొదటి జతగా లెక్కించిన, మూడవ జత కాళ్ల మొదళ్లయందు రంధ్రములున్నది ఆడది. ఐదవ జత మొదళ్లయందున్నది మగది. ఒక మగదానికి మూడు నాలుగు ఆడవానిని జతపఱచి, నీటిని 23 డిగ్రీలకు పైన నుంచిన సంగమము జరుగును. ఆడది 300 మొదలు 800 వఱకు గ్రుడ్లను తోక క్రింద అంటించుకొని మోయును. వేడిమిని బట్టి 6 మొదలు 10 వారములలో అవి పొదుగబడును. పిల్లలు కొన్ని దినములు తల్లిని అంటిపెట్టుకొనియుండి, పిమ్మట విడివడి స్వతంత్రముగా మేయును. అప్పుడు తల్లిని వేఱొక తొట్టికి మార్చుట మేలు.

మన నీలకంఠ రొయ్యతో పోల్చిన ఇచ్చట గొప్ప భేదము కనబడును. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగినను దాని డింభకములకు ఉప్పు కలిసిన నీరు కావలెను; కావుననే హేచరీలు అవసరమగుచున్నవి. క్రేఫిష్ పిల్ల గ్రుడ్డునుండి వెలువడునప్పుడే తల్లి రూపమున నుండును. దానికి సముద్రముతో పని లేదు.

లాభమెంత? అందు మాంసము ముఖ్యముగా తోకలోనే యుండును; అది మొత్తము బరువులో మూడవ వంతుకు మించదు. పెరటి తొట్టి కుటుంబమునకు అప్పుడప్పుడు ఒక విందును సమకూర్చునే గాని, జీవనోపాధిని కల్పింపదు. తొట్టిని శుభ్రపఱచు సేవకునిగను, పిల్లలకు ప్రకృతిపాఠముగను దాని విలువ ఎక్కువ.

ఇక మూడవ ప్రశ్న. ఉప్పునీటి అవసరము లేకుండ ఇంటిలోనే సంతానము పొందు సౌలభ్యమే ఈ జీవిని ప్రమాదకరముగా చేయుచున్నది. గ్రుడ్లు మోయుచున్న ఒక్క ఆడది కాలువలో పడిన చాలును. ఆఫ్రికాలో స్వదేశీ క్రేఫిష్ లేని కరీబా సరస్సున నేడు రెడ్‌క్లా విస్తరించియున్నది. ఆస్ట్రేలియాలోనే 1932లో తూర్పునుండి పశ్చిమమునకు తీసికొనిపోబడిన యాబీ అచ్చటి స్థానిక జాతులకు పోటీగా నిలిచినది. జర్మనీ అలంకార తొట్లలో 1990 దశకమున కనబడిన ఒక క్రేఫిష్‌కు మగతోడే అవసరము లేదు. ఐరోపా సమాఖ్య 2016లో దానిని హానికర జాతుల పట్టికలో చేర్చినది.

మన తీరమునకు ఇంకొక భయము కలదు. 1994-95లో తెల్లమచ్చల వ్యాధి మన రొయ్యల చెరువులను తుడిచిపెట్టిన సంగతి నెల్లూరు, గోదావరి జిల్లాలవారు మఱవలేదు. ఆ వ్యాధి క్రేఫిష్‌కును సోకును. 2016 చివర అది క్వీన్స్‌లాండ్‌లోని లోగన్ నదీతీరపు చెరువులలో కనబడినప్పుడు అచ్చటి రైతులు చెరువులను ఖాళీచేయవలసి వచ్చినది. అలంకారము కొఱకు తెచ్చిన ఒక జీవి వెంట, లక్షల కుటుంబముల జీవనమును దెబ్బతీయగల రోగము రావచ్చును. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకమును కేంద్రప్రభుత్వము 2000లో నిషేధించినను, దానిని పూర్తిగా తొలగించుట ఎంత కష్టమైనదో మన మెఱుగుదుము.

కావున మా అభిప్రాయమిది. ఆస్ట్రేలియాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు తమ రాష్ట్రపు మత్స్యశాఖ నియమములను విచారించి, అనుమతింపబడిన జాతిని మాత్రమే పెంచుకొనవచ్చును. అచ్చటను తొట్టి నీటిని కాలువలో గాని, మిగిలిన పిల్లలను చెరువులో గాని వదలరాదు. ఇచ్చట మన యిండ్లలో క్రేఫిష్‌ను కొని తెచ్చుకొనుట తగదు. చేపలతోడను, తోటకూర, పాలకూర, పుదీనాలతోడను ఈ పద్ధతి చక్కగా సాగును. దానికి మన నీటి జీవులే చాలును. ఇదివఱకే తెలియక తెచ్చుకొన్నవారు జాలిపడి దానిని చెరువులో విడువరాదు. ఆ ఒక్కదానిపై చూపిన జాలి చెరువులోని వేలాది జీవులకు కీడగును. దానిని తొట్టిలోనే భద్రముగా నుంచి, మత్స్యశాఖ అధికారుల సలహా పొందుట ఉత్తమము.