గోల్ఫ్‌లో ఇన్ని రకాల క్లబ్బులు ఎందుకు?

గోల్ఫ్ నిబంధన ప్రకారం ఆటగాడి సంచిలో 14 క్లబ్బులకు (బంతిని కొట్టే సాధనాలకు) మించకూడదు. అందుకే ఎంపిక ముఖ్యం.

3-ఐరన్, 3-హైబ్రిడ్, 5-వుడ్ అనే క్లబ్బులనే చూడండి... మూడింటిలోనూ బంతిని తాకే ముఖం వాలు దాదాపు 20 డిగ్రీలే. మరి తేడా ఎక్కడ?

తలలో బరువు ఎక్కడుందన్న దాంట్లో! ఐరన్ తల పలచటి ఉక్కు పలక. బరువు ముఖానికి దగ్గరగా ఉండటంతో బంతి తక్కువ ఎత్తులో దూసుకెళ్తుంది. ఎదురుగాలిలో ఇది మేలు. కానీ దెబ్బ మధ్యలో తగలకపోతే తల మెలితిరిగి దూరం తగ్గిపోతుంది.

వుడ్ తల పెద్దది, లోపల బోలు. గురుత్వ కేంద్రం కిందికి, వెనక్కి ఉండటంతో బంతి సులువుగా పైకి లేస్తుంది. కర్ర పొడవు కాబట్టి వేగమూ ఎక్కువే. అయితే ఏపుగా పెరిగిన గడ్డిలో తల చిక్కుకుంటుంది.

హైబ్రిడ్‌ది చిన్న వుడ్ లాంటి తల, ఐరన్ కంటే కాస్తే పొడవైన కర్ర. గడ్డిని చీల్చుకుంటూ వెళ్లి బంతిని పైకి లేపుతుంది.

కొత్తగా నేర్చుకుంటున్నారా? హైబ్రిడ్‌తో మొదలుపెట్టండి. చదునైన గడ్డి మీద దూరం కావాలంటే వుడ్ పట్టండి. దెబ్బ ప్రతిసారీ మధ్యలో తగిలే నేర్పు వచ్చాక 3-ఐరన్ లాంటి లాంగ్ ఐరన్ ప్రయత్నించండి.