వేలిముద్రను నిరాకరించిన గని కార్మికులు

కురుడుమలె నుండి బంగారు గనుల ప్రాంతమునకు పోయి వచ్చు వారందరును అచ్చటి సైనైడు దిబ్బలను చూచియే యుందురు. గని రాతిని పిండి చేసి, బంగారమును వేరుపరచిన పిమ్మట మిగిలిన మట్టియే ఆ దిబ్బలు. ఆ రాతిని పైకి తెచ్చిన మనుష్యుల చరిత్ర మాత్రము మన పిల్లలకు అంతగా తెలియదు. దానిని చెప్పవలసిన భారము తలిదండ్రులదియు, మాదియు గనుక, ఈ సంచికలో కొంచెము వ్రాయుచున్నాము.

1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల సంస్థ గనుల నిర్వహణమును చేపట్టెను. పనికి వచ్చినవారిలో అధికులు ఉత్తర ఆర్కాడు ప్రాంతపు ఆది ద్రావిడులు. చిత్తూరు వైపు నుండి తెలుగువారును వచ్చిరి. కరువు, అప్పు, ఊరిలోని కులబాధ వారిని ఇచ్చటికి తరిమినవి. ఇచ్చట లభించిన నివాసము వెదురు తడికెల గుడిసె. కాంట్రాక్టరు చేతిమీదుగా వచ్చు కూలిలో కొంత అతనికే పోవును. మిగిలినది వడ్డీ వ్యాపారికి చాలదు. భూగర్భములో బండలు పగిలి మీద పడు భయము నిత్యము వెన్నాడును. బంగారము దొంగిలింతురను అనుమానముతో సోదాలు జరుగును.

ఇట్టి స్థితిలో 1930లో గనుల యాజమాన్యము ప్రతి కార్మికుని వేలిముద్ర తీసికొని నమోదు చేయ నిశ్చయించెను. ఇది చిన్న విషయమని నేడు తోచవచ్చును. కాని ఒక గనిలో తొలగింపబడినవానిని మరియొక గనిలో చేరనీయకుండుటకు ఇది తగిన సాధనము. అంతేగాక, 1911 నాటి నేరస్థ జాతుల చట్టము క్రింద కొన్ని కులములవారి వేలిముద్రలు పోలీసులు తీసికొనుచుండిరి. కావున కష్టపడి పనిచేయువానికి ఈ ఆజ్ఞ దొంగ యను ముద్రవలె తోచెను. వేలాది కార్మికులు పని మానిరి. సుమారు మూడు వారములు గనులు స్తంభించినవి. తుదకు యాజమాన్యము వెనుకకు తగ్గవలసి వచ్చెను.

నాడు వారికి గుర్తింపు పొందిన కార్మిక సంఘము లేదు. మరి అంతమంది ఒక్కమాటపై ఎట్లు నిలిచిరి? ఒకనాటి ఆవేశము మూడు వారముల ఆకలికి ఆగదు. పండిత అయోత్తిదాసు ప్రభావమున గనులలో బౌద్ధ సంఘములు అంతకు చాలకాలము ముందే వెలసినవి. ఆయన స్థాపించిన 'తమిళన్' పత్రిక 1926లో ఈ గనుల నుండియే తిరిగి వెలువడెను. కూడుట, చదువుట, చదివినది చదువురానివానికి చెప్పుట అను అలవాటు సమ్మెకు ముందే ఏర్పడియుండెను. కార్మికోద్యమమునకు ఇట్టి అలవాటే పునాది యని మా అభిప్రాయము.

తరువాతి కాలమున వచ్చిన ఫలములును ఊరక రాలేదు. రాతిధూళి వలన ఊపిరితిత్తులకు కలుగు సిలికోసిస్ వ్యాధి మనదేశమున మొదట ఈ గనులలోనే 1934లో బయటపడెను. 1940లో మైసూరు ప్రభుత్వము దానికి పరిహార నియమములు చేసెను. 1946 నవంబరు 4న పోలీసు కాల్పులలో ఆరుగురు కార్మికులు మరణించిరి. 1956లో గనులు మైసూరు ప్రభుత్వ వశమైనవి. 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. నేడు ఆ కార్మికుల సంతతి తెల్లవారకమున్నే రైలెక్కి బెంగుళూరునకు కూలికి పోవుచున్నది.

కథ అంతటితో ముగియలేదు. మన జిల్లాలోని నరసాపురము కర్మాగారములకు ఇప్పుడు ఉత్తర దేశమునుండి యువకులు వచ్చుచున్నారు. వారికి కన్నడమును రాదు, తెలుగును రాదు. ఒక్క గదిలో పలువురు తలదాచుకొందురు. అద్దె హెచ్చించినను, కూలి తగ్గించినను ఎవరితో మొరపెట్టుకొనవలెనో వారికి తెలియదు. నాడు మనవారు ఉన్న స్థితియే ఇది.

మనము అల్పసంఖ్యాకులము. మన భాషకు చోటు కావలెనని సంఘము పెట్టుకొని అడుగుచున్నాము. అట్లడుగు మనము, మన వీథికి వచ్చిన పరభాషీయుని బిడ్డకు బడి దొరికినదా యని విచారింపకుండుట న్యాయము కాదు. తలిదండ్రులను మేము కోరునది స్వల్పము. మీ పొరుగున అట్టి కుటుంబముండినచో బడి జాడ చెప్పుడు. వారికి వచ్చిన కాగితమును చదివి వినిపింపుడు. ఏ కాగితమునైనను చదువక వ్రేలు వేయరాదని మీ పిల్లలకును నేర్పుడు. గని కార్మికులు 1930లో మనకు నేర్పిన పాఠము అదియే.