డిఫాల్ట్ అడ్మిన్ షేర్లను గ్రూప్ పాలసీతో నిలిపివేయడం

కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ‘నెట్ షేర్’ అని టైపు చేసి చూడండి. మీరు ఏ ఫోల్డర్‌నూ షేర్ చేయకపోయినా సి$, అడ్మిన్$, ఐపిసి$ అనే పేర్లు కనిపిస్తాయి. మొదటిది సి డ్రైవ్ మొత్తానికి, రెండవది విండోస్ ఫోల్డర్‌కు దారి. చివర డాలర్ గుర్తు ఉన్న షేర్లు నెట్‌వర్క్ జాబితాలో కనిపించవు. అంతమాత్రాన అవి భద్రంగా ఉన్నాయనుకోకండి. అడ్మినిస్ట్రేటర్ హక్కులు చేజిక్కించుకున్నవారు పేరు టైపు చేసి తెరవగలరు.

2017 జూన్‌లో ఉక్రెయిన్‌లో మొదలైన నాట్‌పెట్యా సరిగ్గా ఇదే చేసింది. సోకిన కంప్యూటర్ మెమరీ నుండి లాగిన్ వివరాలు దొంగిలించి, పక్క కంప్యూటర్ల అడ్మిన్$ లోకి తన ప్రతిని చేర్చి, అక్కడ నడిపించింది. భద్రతా ప్యాచ్‌లు వేసుకున్న కంప్యూటర్లు కూడా ఈ దారిన దెబ్బతిన్నాయి.

‘నెట్ షేర్’ కమాండ్‌తో ఈ షేర్లను తొలగించవచ్చు. కానీ కంప్యూటర్ రీస్టార్ట్ కాగానే విండోస్ వాటిని మళ్లీ సృష్టిస్తుంది. శాశ్వతంగా ఆపాలంటే రిజిస్ట్రీలో విలువ మార్చాలి. ఇందుకు గ్రూప్ పాలసీలో సిద్ధంగా ఉన్న సెట్టింగ్ ఏదీ లేదు. ప్రిఫరెన్సెస్ భాగాన్ని వాడుకోవాలి. కంప్యూటర్ కాన్ఫిగరేషన్, ప్రిఫరెన్సెస్, విండోస్ సెట్టింగ్స్, రిజిస్ట్రీ అనే వరుసలో వెళ్లి కొత్త ఐటమ్ చేర్చండి. హెచ్‌కీ లోకల్ మెషీన్ కింద సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, సర్వీసెస్, లాన్‌మాన్‌సర్వర్, పారామీటర్స్ కీని ఎంచుకోండి. విలువ పేరు వర్క్‌స్టేషన్లకు ఆటోషేర్‌డబ్ల్యుకెఎస్, సర్వర్లకు ఆటోషేర్‌సర్వర్; రకం డివర్డ్, డేటా 0. విద్యార్థులు తరచుగా ఈ రెండు పేర్లను తారుమారు చేస్తారు. అప్పుడు ఎర్రర్ ఏదీ రాదు, పని మాత్రం జరగదు. పాలసీ చేరాక కంప్యూటర్ రీస్టార్ట్ చేయాలి. ఐపిసి$ అలాగే ఉంటుంది, ఉండాలి కూడా.

అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. యాంటీవైరస్‌ను దూరం నుండి ఇన్‌స్టాల్ చేసే సాధనాలు, కొన్ని బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు అడ్మిన్$ మీదే ఆధారపడతాయి. షేర్ పోయిన రాత్రి బ్యాకప్ ఆగిపోతే, ఆ సంగతి ఫైలు అవసరమైన రోజునే తెలుస్తుంది! కాబట్టి పాలసీని ముందుగా నాలుగైదు కంప్యూటర్లున్న ఓయూకు మాత్రమే లింక్ చేయండి. డొమైన్ కంట్రోలర్ల జోలికి పోవద్దు. లింక్ తీసివేస్తే పాత స్థితి దానంతట అదే రాదని గుర్తుంచుకోండి. విలువను 1 చేయాలి లేదా తొలగించాలి.

డబ్ల్యుఎంఐ వంటి ఇతర దారులు దీనితో మూసుకుపోవు. అందుచేత ప్రతి కంప్యూటర్‌కూ వేరువేరు లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చే ల్యాప్స్ ఏర్పాటును ముందు పూర్తి చేసి, తర్వాతే ఈ పనికి రండి.

అభ్యాసం: మీ ప్రయోగశాలలో పాలసీ అమలయ్యాక ‘నెట్ షేర్’ మళ్లీ నడిపి, మిగిలిన పేర్లను, అవి మిగలడానికి కారణాన్ని రాయండి.